మందకును మందకును నడుమ

ధ్యాన భాగములు: ఆదికాండము 32:13–21, 33:12–14, 26:17–22, ద్వితీయోపదేశకాండము 22:8, యెహోషువ 3:3–4



యాకోబు ఇరువది సంవత్సరములు పరదేశములో గడిపి స్వదేశమునకు తిరిగి వచ్చుచుండెను. అన్నయైన ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చుచున్నాడని విని మిక్కిలి భయపడెను. అప్పుడతడు మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550కి పైగా పశువులను కానుకగా ఏర్పరచెను. అయితే వాటినన్నిటిని ఒక్క గుంపుగా తోలింపలేదు. మందలుగా విడదీసి, ఒక మందకును మరియొక మందకును నడుమ ఎడము విడిచి నడువవలెనని దాసులకు చెప్పెను.

ఆ ఎడము ఎందుకు? అన్న కోపము ఒక్కమారే చల్లారదు. మొదటి మందను చూచి ఒక ప్రశ్న అడుగును, ఒక జవాబు వినును. రెండవ మంద వచ్చువరకు కొంత ఆలోచించుకొనును. మందల నడుమ యాకోబు విడిచినది వట్టి నేల కాదు, అది కాలము. ఎదుటివాడేమి చేయునో తెలియనప్పుడు మనకును అతనికిని నడుమ కొంత కాలముండుట మేలని యాకోబునకు తెలిసెను. ఈ నెల మనము ధ్యానింపబోవునది ఈ ఎడమును గూర్చియే. కాని మందల నడుమ కాదు, మన రోడ్లమీద ముందు పోవు బండికిని వెనుక పోవు బండికిని నడుమ.

“అయ్యగారు, ఇది రోడ్డు సంగతి గదా, గుడిలో ఎందుకు?” అని ఎవరైన అడుగవచ్చును. క్రొత్త ఇల్లు కట్టించువాడు మిద్దెమీద పిట్టగోడ కట్టింపవలెననియు, లేనియెడల ఎవడైన పడి చచ్చినప్పుడు ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చుననియు మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఇటుకలును సున్నమును గూర్చి చెప్పుట దేవుడు చిన్నతనమని ఎంచలేదు. మనుష్యుని ప్రాణము ఎక్కడ జారిపడునో అక్కడ గోడ కట్టుట ఆయన ఆజ్ఞయే. నేడు మనవారు మిద్దెలమీదనుండి పడుటకంటె రోడ్డుమీద పడుట ఎక్కువ. రోడ్డుమీద పిట్టగోడ ఇటుకలతో కట్టునది కాదు. ముందు బండి వెనుక మనము విడుచు ఎడమే ఆ గోడ.

మన తాతల కాలమును తలంచుకొనుడి. 1842లో గుంటూరు చేరి, తరువాత గురజాలలో సేవచేసిన ఫాదర్ హయ్యర్ గారి దినములలో పల్నాటి బాటలమీద ఎద్దుబండ్లే బండ్లు. మొన్నమొన్నటి వరకు రాత్రివేళ పది బండ్లు వరుసగా సాగిపోవుచుండగా వెనుకబండి ఎడ్లు ముందుబండిలోని చొప్పను కొరికి తినుచుండెడివి. బండివాడు కునుకు తీసినను హాని లేకపోయెను. ముందుబండి ఆగిన, వెనుక ఎడ్లు తామే ఆగెడివి. వాటికి కన్నులున్నవి, బుద్ధియున్నది. ఇప్పుడు మన చేతిలోనున్న మోటారుకు కన్నులును లేవు, బుద్ధియు లేదు. అయినను మనము ముందుబండిలోని చొప్ప కొరుకునంత దగ్గరగానే పోవుచున్నాము. బండి మారినది గాని అలవాటు మారలేదు.

లెక్క చూడుడి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో ఇంచుమించు 17 మీటర్లు పోవును. ముందుబండి ఆగుట కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుమీద పడుటకే మెలకువగానున్న మనిషికి ఇంచుమించు ఒక సెకను పట్టును. అనగా బ్రేకు తగులకమునుపే 17 మీటర్లు గడచిపోవును. బ్రేకు తగిలిన తరువాత ఎండు తారురోడ్డుమీద మంచి టైర్లున్న బండియైనను ఆగుటకు ఇంచుమించు మరి 20 మీటర్లు కావలెను. వేగము రెండింతలైన, బ్రేకు వేసిన తరువాత బండి పోవు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. తడిరోడ్డుమీద ఇది మరింత ఎక్కువ. ఫోను చూచుచు నడుపువానికి ఆ మొదటి సెకను రెండగును, మూడగును. ఈ లెక్క ఎవని విశ్వాసమును చూచి తగ్గదు. పాస్టరు నడిపినను, సంఘపెద్ద నడిపినను 17 మీటర్లు 17 మీటర్లే.

మన ప్రాంతపు రోడ్డుమీద ముందు పోవునదేమో కూడ ఆలోచింపుడి. పిడుగురాళ్ల నుండి సున్నము లారీ, దాచేపల్లి వైపున సిమెంటు లారీ, మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు పోవు లారీ. పొలము నుండి రోడ్డెక్కిన ట్రాక్టరు తన చక్రములకంటిన నల్లరేగడి మట్టిని తారుమీద విడిచిపోవును. వానపడిన ఆ మట్టి సబ్బువలె జారును. చీకటిపడినచో ఎఱ్ఱదీపము లేని ట్రక్కు కనబడనే కనబడదు. మిరపకోతల కాలమున తెల్లవారుజామునే ఆటోల నిండ కూలీ తల్లులు. లోపల చోటు చాలక కొందరు వెనుకచెక్కమీద కాళ్లు వ్రేలాడవేసి కూర్చుందురు. అట్లు కూర్చుండబెట్టుట తప్పే, డ్రైవరులు మానవలెను. కాని నీవు వెనుక వచ్చుచున్నప్పుడు ఆ తల్లికిని నీ బండికిని నడుమ ఇనుపరేకు కూడ లేదు. నీవు విడిచిన ఎడమే ఆమెకు పిట్టగోడ.

యెహోషువ కాలమున ఇశ్రాయేలీయులు యొర్దాను దాటబోవుచుండగా, ముందు నడచు మందసమునకును ప్రజలకును నడుమ రెండువేల మూరల ఎడముండవలెనని వారికి ఆజ్ఞ వచ్చెను. అది కిలోమీటరుకు కొంచెము తక్కువ. మందసము పరిశుద్ధము గనుక ఆ ఆజ్ఞ అని మనమనుకొందుము. అదియు నిజమే కావచ్చును. అయితే వాక్యము చెప్పు కారణము వేరు. వారు ఆ త్రోవను ఎన్నడును నడచినవారు కారు. తాము పోవలసిన మార్గము వారికి తెలియునట్లే ఆ ఎడము. దగ్గరగా మూగినవారికి ముందువాని వీపు తప్ప మరేమియు కనబడదు. ప్రత్తి బోరెములు ఎత్తుగా పేర్చిన లారీ వెనుక అంటుకొని పోవువానికి ఏమి కనబడును? ముందున్న గొయ్యి కనబడదు, అడ్డమువచ్చు గేదె కనబడదు, ఆగియున్న బస్సు కనబడదు. వెనుకకు తగ్గినవానికి త్రోవ తెరచుకొనును. ఎడము విడుచువాడు వెనుకబడినవాడు కాడు, చూపుగలవాడు.

ఎంత ఎడము విడువవలెనో కొలుచుటకు టేపు అక్కరలేదు. రోడ్డుప్రక్కనున్న ఒక కరెంటు స్తంభమునో, వేపచెట్టునో గురుతు పెట్టుకొనుడి. ముందుబండి దానిని దాటగానే నింపాదిగా “వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు” అని లెక్కింపుడి. లెక్క ముగియకముందే మీరు ఆ గురుతు చేరినయెడల మీరు మిక్కిలి దగ్గరగానున్నారు. మంచి రోడ్డుమీద పగటివేళ ఇది తక్కువలో తక్కువ. వానలోను, రాత్రివేళను, బరువున్నప్పుడును నాలుగు లెక్కింపుడి. 60 కిలోమీటర్ల వేగములో రెండు సెకన్లనగా 33 మీటర్లు, అనగా 73 మూరలు. ఇశ్రాయేలీయులు రెండువేల మూరలు విడిచిరి. మనము 73 విడువలేమా? ఇందువలన మన వేగమేమియు తగ్గదు. నరసరావుపేటకు రెండు సెకన్లు ఆలస్యముగా చేరుదుము, అంతే.

“అయ్యా, నేను ఎడము విడిచితినా, మరియొకడు వచ్చి అందులో దూరుచున్నాడు” అని బండి నడుపువారందరును చెప్పుదురు. ఇది నిజమైన కష్టమే. ఇస్సాకును ఈ కష్టము ఎరిగినవాడే. అతని దాసులు బావి త్రవ్విరి. గెరారు కాపరులు వచ్చి ఆ నీళ్లు తమవని జగడమాడిరి. మరియొకటి త్రవ్విరి, దానికిని జగడమే. ఇస్సాకు పోరాడక, అక్కడనుండి తరలిపోయి మరల త్రవ్వించెను. మూడవదానికి ఎవరును జగడమాడలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టెను. విశాలమైన చోటు అని దాని భావము. నీ యెదుట దూరినవానిమీద హారను మ్రోగించి, పంతమునకు పోయి, వాని వెనుకచక్రమును తాకునంతగా తరుముట గెరారు కాపరుల పద్ధతి. కాలు తీసి, మరల రెండు సెకన్లు వెనుకకు తగ్గుట ఇస్సాకు పద్ధతి. పదిమంది దూరిన, పదిమారులు తగ్గుము. పదిమంది దూరినను నీవు నష్టపోవునది అర నిమిషమైనను కాదు.

ముందుపోవువానికి బాధ్యత లేదా? ఉన్నది. కోయంబత్తూరులో జరిగిన ఒక ప్రమాదముమీద మన సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన తీర్పు తెలిసికొనదగినది. పెద్దరోడ్డుమీద కారు నడుపువాడొకడు వెనుకవారికి సంజ్ఞ చేయక అకస్మాత్తుగా బ్రేకు వేసెను. వెనుక మోటారు సైకిలుమీద వచ్చుచున్న ఇంజనీరింగు విద్యార్థి కారుకు తగిలి పడిపోయెను. అతని వెనుక వచ్చిన బస్సు అతనిమీదుగా పోయెను. ఆ పిల్లవాని ఎడమకాలు పోయెను. న్యాయమూర్తులు కారు నడిపినవానిపై 50 పాళ్లు, బస్సుపై 30 పాళ్లు, ఆ విద్యార్థిపై 20 పాళ్లు తప్పు మోపిరి. చాలినంత ఎడము ఉంచకపోవుట ఆ పిల్లవాని పాలు తప్పులో ఒకటి. అంతకుముందు 2018లో, ఒక ట్రక్కు వెనుక పది పదునైదు అడుగుల దూరములో పోయి గ్రుద్దుకొనిన కారు విషయములో, వెనుకవాడే తగిన ఎడము పాటింపలేదని అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను. గనుక ముందువాడా, చెప్పకుండ ఆగకుము; నీ ట్రక్కు వెనుక ఎఱ్ఱదీపము వెలుగునట్లు చూచుకొనుము. వెనుకవాడా, ముందువాడు చెప్పకుండ ఆగుననియే తలంచి నడువుము. ఎవని పాలు ఎంతయని న్యాయస్థానము పంచగలదు గాని, పోయిన కాలును పంచి ఇయ్యలేదు.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. రోడ్డుమీద బిడ్డ పోయిన ఇంటికి పోయినప్పుడు, “దేవుని చిత్తము, మనమేమి చేయగలము” అనుమాట వినబడును. ఏడ్చుచున్న తల్లియెదుట ఎవరును ఈ మాటను తర్కింపకూడదు. అది ఏడ్చువారితో ఏడ్వవలసిన గడియ. కాని ఆ గడియ కాని దినమున, ఇట్టి దినమున, మనమీ మాట చెప్పుకొనక తప్పదు. మన తొందరను దేవుని చిత్తమని పిలువవద్దు. ఒక్క చిన్నవాడైనను నశించుట పరలోకమందున్న తండ్రికి ఇష్టము కాదని ప్రభువే చెప్పెను గదా (మత్తయి 18:14).

కొందరు బండి అద్దమునకు సిలువ వ్రేలాడదీయుదురు. వెనుక ఇరువదిమూడవ కీర్తన మాటలు రంగులతో వ్రాయించుదురు. మంచిదే. అయితే ఆ సిలువతోనే ముందుబండికి రెండు గజముల దూరములో పరుగెత్తుదురు. దేవాలయ శిఖరమునుండి దుముకుము, దూతలు నిన్ను ఎత్తిపట్టుకొందురని ప్రభువునకు చెప్పినవాడెవడు? ఆయన దుమికెనా? తండ్రిని నమ్మినవాడు గనుకనే ఆయన తండ్రిని శోధింపలేదు. ఎడము విడువక కాపుదల అడుగుట ప్రార్థన కాదు, శోధన.

యాకోబు కథ ముగింపు చూడుడి. అన్నదమ్ములు కౌగిలించుకొని ఏడ్చిరి. ఏశావు, కలిసి పోదము రమ్మనెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులున్నవనియు, ఒక్కదినము మిక్కిలి తోలినను మంద చచ్చుననియు చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. నాలుగువందల మంది మగవారి నడక వేరు. పసిబిడ్డల నడక వేరు. మోటారు సైకిలుమీద భార్యను వెనుక, బిడ్డను ముందు కూర్చుండబెట్టుకొనిన తండ్రి ఎవరి నడక నడువవలెనో యాకోబునడుగవలెను.

గనుక ప్రియులారా, ఈ నెలలో ఈ మూడు సంగతులు చేయుదము. ట్రాక్టరు గలవారు వచ్చు ఆదివారములోపల ట్రక్కు వెనుక ఎఱ్ఱదీపమును, మెరయు పట్టీని సరిచూచుకొనుడి. యౌవనస్థులారా, క్రిస్మసు రాత్రియైనను, సంవత్సరాంతపు ఆరాధన రాత్రియైనను, గుడినుండి పోవునప్పుడు గుంపుగా, చక్రమునకు చక్రము తగులునట్లు పోవద్దు. మందకు మందకు నడుమ ఎడము విడువుడి. కూలికి పోవు అక్కలారా, అమ్మలారా, ఆటో ముందుబండికి అంటుకొని పోవుచున్నప్పుడు మౌనముగా కూర్చుండవద్దు. “అబ్బాయీ, కొంచెము ఎడముగా పోనీయ్యి” అని చెప్పుడి. అట్లు చెప్పుటకు మీకు హక్కున్నది. అందులోనున్న ప్రాణము మీది.

ప్రార్థన: ప్రభువా, పొరుగువాని తప్పునకు కూడ చోటు విడుచు ఓర్పును మాకు దయచేయుము. మా చేతులకు నెమ్మదిని, మా కన్నులకు మెలకువను ఇమ్ము. రోడ్లమీద ప్రియులను పోగొట్టుకొనిన ఇండ్లను ఆదరింపుము. తెల్లవారుజామున పనికి పోవువారిని సాయంకాలము వారి బిడ్డలయొద్దకు క్షేమముగా చేర్చుము; ఆ పనిలో మమ్మును నీ చేతులుగా వాడుకొనుము. ఆమేన్.