ప్రయాణము మార్చుకొనుట మాట తప్పుటయా?

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 1:15–2:13



గత వేసవిలో మన సంఘపు యౌవనస్థులు నలుగురు మెదకు దేవాలయము చూడబోయిరి. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమును గూర్చి వినని క్రైస్తవ కుటుంబము మనలో అరుదు గదా. భుజమున తలకొక సంచి, చాలీ చాలని సొమ్ము, రైలులో జనరల్ పెట్టె. తిరుగు దారిలో డోర్నకల్‌లో దిగి, అక్కడి దేవాలయమును కూడ చూచి, ఒక విశ్వాసి యింట ఆ రాత్రి బసచేయవలెనని ఏర్పాటు. అయితే మెదకులోనే రెండు దినములు ఎక్కువ నిలిచి, డబ్బు అయిపోగా, డోర్నకల్‌లో దిగక నేరుగా ఇల్లు చేరిరి. ఆ యింటివారికి కబురు చెప్పలేదు. మేము అడుగగా వారిలో ఒకడు, "టికెట్టు మాది, సంచి మాది. దారి మార్చుకుంటే తప్పేముంది అయ్యగారూ?" అనెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలయనగా ఈ నిందనే అపొస్తలుడైన పౌలు కూడ పడెను. క్రీ.శ. 55 ప్రాంతమున అతడు ఎఫెసునుండి కొరింథీయులకు వ్రాయుచు, మాసిదోనియ మీదుగా వచ్చి, వీలైతే శీతకాలము వారియొద్ద గడపెదనని తెలిపెను (1 కొరింథీ 16:5–8). రెండవ పత్రికలో చూడగా మరియొక యేర్పాటు కనబడుచున్నది: మొదట కొరింథునకు వచ్చి, మాసిదోనియకు పోయి, తిరిగి కొరింథు మీదుగా యూదయకు పోవుట. అదియు అనుకొనినట్లు జరుగలేదు. ఈయన చపలచిత్తుడని సంఘములో కొందరు గొణిగినట్లు అతని జవాబునుబట్టియే తెలియుచున్నది.

అతడేమి చెప్పెను? ప్రయాణము నాది, నా యిష్టమనలేదు. దేవుని సాక్షిగా పెట్టి, మిమ్మును నొప్పింపకూడదనియే రాలేదనెను. తాను రాలేనిచోటికి కన్నీటితో వ్రాసిన పత్రికను పంపెను. త్రోయలో సువార్తకు ద్వారము తెరువబడియుండగా అక్కడను నిలువలేదు. ఇది మమ్మును ఎప్పుడును ఆశ్చర్యపరచును. ఆత్మ నన్ను పంపివేసెనని అతడు చెప్పియుండవచ్చును, ఎవరు కాదనగలరు? అయినను తీతు కనబడనందున మనస్సునకు నెమ్మది లేకపోయెనని ఉన్నదున్నట్లు వ్రాసెను.

ఆత్మ నిజముగా దారి మార్చిన సందర్భమును అపొస్తలుల కార్యములు 16లో చూతుము. ఆసియలో వాక్యము చెప్పకుండ ఆటంకము, బితూనియకు పోకుండ ఆటంకము, పిమ్మట మాసిదోనియ దర్శనము. ఆ దర్శనము వెంబడి పోయినవారికి ఫిలిప్పీలో దొరికినవి బెత్తపు దెబ్బలు, కాళ్లకు బొండ. దేవుడు దారి మార్చినప్పుడెల్ల మనకు మంచి భోజనమే దొరకుచున్నయెడల కొంచెము అనుమానింపవలసినదే.

ప్రభువు పన్నిద్దరిని పంపినప్పుడు చేతికఱ్ఱ తప్ప మరేమియు తీసికొనవద్దనెను (మార్కు 6:8). అంతమాత్రమున ఖాళీ జేబే భక్తి యనుకొనరాదు. సంచి గలవాడు తీసికొని పోవలెనని తరువాత చెప్పినవాడును ఆయనే (లూకా 22:36). పౌలు డేరాలు కుట్టి కూలి సంపాదించుకొనెను. తోటివారు ఓడలో పోగా తాను త్రోయనుండి అస్సువరకు, ఇంచుమించు 30 కిలోమీటర్లు, కాలినడకన పోయెను. ఛార్జీ మిగులుటకో, ఒంటరిగా ప్రార్థించుటకో లూకా చెప్పలేదు. అయితే సొమ్ము లేకుండ బయలుదేరినవానికి ఎవరి పొయ్యియో వెలుగవలెను గదా. అందుచేతనే కాబోలు, డెబ్బదిమందిని పంపినప్పుడు ఇంటింటికి మారవద్దని ఆజ్ఞయిచ్చెను (లూకా 10:7). చేరినది జొన్నరొట్టె యిల్లయితే, పక్కింట పప్పన్నమున్నదని లేచిపోరాదు.

మేమును ఈ విషయములో నిర్దోషులము కాము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెకు బుధవారము సాయంకాల ప్రార్థనకు వచ్చెదమని చెప్పితిమి. జేబులో బస్సు ఛార్జీకి మాత్రమే సొమ్ముండెను. బస్టాండులో తెలిసిన పెద్దమనిషి ఒకరు కలిసి, తమ యింట కృతజ్ఞతకూడిక యున్నదనియు, కారులో తీసికొనిపోయి మరల దింపెదమనియు చెప్పిరి. ఎక్కితిమి. ఛార్జీ మిగిలెను, విందు బాగుండెను, కానుకయు దొరికెను. ప్రభువే నడిపించెనని ఇంటిలో చెప్పితిమి కూడ. పల్లెలోనివారు చాపలు పరచుకొని రాత్రి పదిగంటలవరకు కూర్చున్నారట. ఫోను మా చేతిలోనే యుండెను. ఏమని చెప్పుదుమని సిగ్గుపడి చేయలేదు.

మరుసటి వారము పోగా అక్కడి అవ్వ, "రాలేకపోతే మానె అయ్యగారూ, ఒక్క కబురన్నా పంపొద్దా? బియ్యం బదులు తెచ్చి వండాను" అన్నది. ప్రభువు చిత్తమైతే వచ్చెదమని మేము మొదటనే చెప్పియుంటిమి. యాకోబు పత్రిక 4:15 నేర్పినది ఆ మాటయే. కాని ఆ సాయంకాలము మేము నెరవేర్చినది ప్రభువు చిత్తము కాదు. ఆ మాట ఆమెతో చెప్పి క్షమాపణ అడుగుటకు మాకు మరి రెండు వారములు పట్టినది.

ఇదంతయు ఆ యౌవనస్థులకు చెప్పితిమి. ప్రశ్న అడిగినవాడే ఆ సాయంకాలము డోర్నకల్‌కు ఫోను చేసెను. తిట్లు పడునేమోనని భయపడెను గాని, ఆ తల్లి మొదట అడిగినది, "బాబూ, అందరూ క్షేమంగా చేరారా?" అని. వారు ఏ బండికి వత్తురో తెలియక రెండు రాత్రులు వీధితలుపు గడియ వేయలేదట.