కడుపులో బిడ్డ ఆకలి ఎవరిది?

కార్తీక సోమవారం పొద్దంతా పస్తుండి, నక్షత్రం చూశాక తింటానంది మా కోడలు. ఏడో నెల. ఏ ఏకాదశీ తప్పని నేనే వద్దన్నాను. వ్రతంలో మనం అర్పించేది మన ఆకలిని. కడుపులో బిడ్డ ఆకలి మనది కాదే, దాన్ని అర్పించే హక్కు మనకెక్కడిది? ముందు రెండు ఇడ్లీలు తిని, ఆ తర్వాత తులసికోట దగ్గర దీపం పెట్టింది. శివుడికి అది చాలదని నేననుకోను.

పక్కింటి పిన్నిగారేమో ఇద్దరి తిండి తినాలమ్మా అంటూ డబ్బా నిండా సున్నుండలు తెచ్చారు. ప్రేమే, కాదనను. కానీ అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. గర్భిణికి అంతకంటే సరైన పథ్యం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి రోజుకు అదనంగా చెప్పేది 350 కేలరీలే. అంటే దాదాపు గ్లాసు పాలు, అరటిపండు, గుప్పెడు వేరుశనగ గుళ్లు. మామూలు బరువున్నవాళ్లు నెలలు నిండేసరికి 10 నుంచి 12 కిలోలు పెరిగితే సరిపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ, లావుగా ఉన్నవాళ్లకూ, షుగరున్నవాళ్లకూ డాక్టరుగారి లెక్క వేరు.

అత్తగార్లూ, ఉపవాసం వద్దన్న మాట ముందు మీ నోటి నుంచే రానివ్వండి. కోడళ్లు మొహమాటానికి ఆకలి దాచుకుంటారు.