నవ్వు వెనుక నిలబడేదెవరు?

ఆట మీది అభిమానంతో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవటం వినోదమా, దోషమా? ఈ ప్రశ్నకు రెండు జవాబులు మన దగ్గర సిద్ధంగా వున్నాయి. నవ్వులాటను నవ్వులాటగానే తీసుకోవాలి, నొచ్చుకున్నవాడిదే తప్పు అనేది మొదటిది. నవ్వు నాలుగు విధాల చేటు, సంస్కారం వున్నవాడు ఎవరినీ ఎగతాళి చెయ్యడు అనేది రెండవది. మొదటిది ఉదారంగా కనిపిస్తుంది. రెండవది ఉదాత్తంగా కనిపిస్తుంది. కాని రెండూ ఆలోచించే శ్రమను తప్పించుకునే జవాబులే. మొదటిది దెబ్బ తిన్నవాడి మాట వినదు. రెండవది జనం నవ్వుతున్నారంటేనే బెదురుతుంది. జనం నవ్వుకు బెదరవలసిన అవసరం ఏలినవారికి వుంటుంది గాని మనకు లేదు.

ప్రశ్నను శూన్యంలో నిలబెట్టి చర్చించి లాభం లేదు. ఎగతాళి ఒక సాంఘిక వ్యవహారం. అది ఎవరి మధ్య, ఎలాంటి చరిత్ర తరవాత జరిగిందో చూడకుండా దాని మంచిచెడ్డలు తేలవు. అందుకని ఒక నిర్దిష్టమైన ఉదాహరణ తీసుకుందాం. కలకత్తా నగరంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనే రెండు ఫుట్‌బాల్ జట్ల అభిమానుల మధ్య నూరేళ్ళకు పైగా వైరం నడుస్తున్నది. ఒకప్పుడది మైదానం గాలరీలలోను, టీ దుకాణాలలోను, చేపల బజారులోను నడిచేది. ఇప్పుడు ఆటకు ఎన్నో రోజుల ముందునుంచే సెల్‌ఫోన్లలో నడుస్తున్నది.

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఆ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనలులో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోల్స్ తేడాతో ఓడించింది. ఆడిన పదకొండుగురిలో ఒక్కరికి తప్ప కాళ్ళకు బూట్లు లేవు. పరాయిపాలనలో వున్న జాతికి అది కేవలం ఆట గెలుపుగా కనిపించలేదంటే ఆశ్చర్యం లేదు. ఒక విషయం మాత్రం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి: ఆ పదకొండుగురిలో పలువురు తూర్పు బెంగాలు మూలాలున్నవాళ్ళే.

అయినా తొమ్మిదేళ్ళు గడిచేసరికి తూర్పు, పడమర అనే మాట ఆటలో ప్రవేశించింది. 1920లో జోరాబగాన్ అనే జట్టు మోహన్ బగాన్‌తో ఆడవలసి వచ్చినప్పుడు శైలేశ్ బోసు అనే తూర్పు బెంగాలు ఆటగాణ్ణి పక్కన పెట్టారు. అందుకు నిరసనగా ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికి వచ్చి, మిత్రులతో కలిసి ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బును స్థాపించాడు. అంటే ఈ రెండవ జట్టు పుట్టటమే ఒక అవమానానికి జవాబుగా పుట్టింది.

1947లో దేశం చీలిన తరవాత ఆ జవాబుకు అర్థం మరింత లోతైంది. ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా వదులుకొని కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది కాందిశీకులు జాదవ్‌పూరు, విజయగఢ్ వంటి చోట్ల ఖాళీ జాగాలు ఆక్రమించి కాలనీలు వేసుకున్నారు. వాళ్ళు వదిలిపెట్టి వచ్చిన నేల పేరు ఈ దేశపు పటంలో లేకుండా పోయింది. ఒక ఫుట్‌బాల్ జట్టు పేరులో మాత్రం మిగిలింది. వాళ్ళు ఆ జట్టును తమ చిరునామాగా చేసుకున్నారంటే అందులో వింత ఏముంది?

పడమటి బెంగాలు పాతకాపులను ‘ఘోటీ’లనీ, తూర్పునుంచి వచ్చినవాళ్ళను ‘బాంగాల్’లనీ అంటారు. రెండు మాటలలోనూ కొంత వెక్కిరింపు వుంది. ఘోటీలకు రొయ్య, బాంగాల్‌లకు ఇలిష్ చేప గుర్తులైనాయి. మన గోదావరి జిల్లాలలో పులస అని పిలుచుకునే చేపే ఈ ఇలిష్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్‌కు, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యకు ధర పెరుగుతుందని అక్కడ నానుడి. ఓడిన జట్టు అభిమాని ఇంటిముందు గెలిచినవాడు చేప ఎత్తి చూపిస్తే ఓడినవాడు తిట్టుకుంటాడు, తలుపు వేసుకుంటాడు, మళ్ళీ ఏడాది తన వంతు కోసం కాచుకుంటాడు. 

దీన్ని తప్పు పట్టేవాడికి మన పెళ్ళిళ్ళు తెలియవనుకోవాలి. వియ్యాలవారి పాటల్లో ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని తిండిపోతులంటారు, మోటువాళ్ళంటారు, వియ్యపురాలి నడకనూ నగలనూ వదలరు. అటువారు అంతకంత తిరిగి పాడతారు. ఎవరూ లేచిపోరు. ఎందుకు? ఆ ఎగతాళి చుట్టరికానికి గుర్తు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి మనం అలా అనం. ఎగతాళి చెయ్యటమంటే ఒక విధంగా ఎదుటివాణ్ణి మనవాడుగా లెక్కలోకి తీసుకోవటం.

కాని అదే పెళ్ళిలో మగపెళ్ళివారిలో ఒకడు లేచి, ఇస్తామన్న కట్నం ఇంకా అందలేదని నవ్వుతూ ఒక మాట అన్నాడనుకోండి. అది పాటల్లోని మాటలకంటే మెత్తని మాటే కావచ్చు. అందులో ఒక్క తిట్టూ వుండకపోవచ్చు. అయినా పిల్ల తండ్రి మొహంలో నెత్తురు ఇంకిపోతుంది. తిండిపోతు అన్న మాట వెనుక ఎవరూ లేరు. ఈ మాట వెనుక వరకట్నమనే వ్యవస్థ అంతా నిలబడి వుంది. ఆ నవ్వు రేపు నిజం కాగలదు, పిల్ల తిరిగి పుట్టింటికి రాగలదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

కాబట్టి పరిహాసానికి హద్దు మాట కటువుతనంలో లేదని నా అభిప్రాయం. నవ్వేవాడి వెనుక ఎవరు నిలబడి వున్నారన్నదే అసలు ప్రశ్న. ఏ అధికారమూ వెనుక లేని ఎగతాళి ఎంత మోటుగా వున్నా ఆటలో భాగమే. ఎదుటివాడి బతుకును నిజంగా కూల్చగల అధికారం ఒకటి వెనుక నిలిచినప్పుడు ఎంత సున్నితమైన ఛలోక్తి అయినా బెదిరింపే.

ఈ గీటురాయితో మళ్ళీ కలకత్తా మైదానానికి వద్దాం. ఇలిష్, రొయ్య హాస్యాల పక్కనే అక్కడ మరొక జాతి హాస్యం పెరిగింది. ఈస్ట్ బెంగాల్ అభిమానిని ‘కాంటాతార్’ అనటం, అంటే సరిహద్దు ముళ్ళకంచె దాటి దొంగతనంగా వచ్చినవాడనటం. మూడు తరాలుగా కలకత్తాలోనే పుట్టి పెరిగినవాడిని కూడా అలా అంటారు. అనే కుర్రవాడికి ద్వేషం లేకపోవచ్చు. అతని ప్రాణస్నేహితుడే ఎదుటి జట్టువాడు కావచ్చు. ఐతే 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా ప్రకటించి దాదాపు 19 లక్షలమంది పేర్లు అందులో లేవన్నారు. ఆ డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించారు. అటుపైన ‘నీ కాగితాలు ఏవిరా?’ అనే హాస్యం హాస్యంగా మిగలటం ఎలా సాధ్యం? నిన్నటివరకు దాని వెనుక ఎవరూ లేరు. ఇప్పుడు దాని వెనుక ప్రభుత్వం, పోలీసు, నిర్బంధ శిబిరం వచ్చి నిలబడ్డాయి. మాట మారలేదు, మాట వెనుక నిలబడినవాడు మారాడు. అన్న కుర్రవాడు వెనక్కి తిరిగి చూసుకోలేదు, అంతే.

2020 జనవరి 19న జరిగిన పోటీలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు గాలరీలో ఒక పెద్ద బానరు ఎత్తారు. ఈ నేలను మేము నెత్తురు పోసి కొనుక్కున్నాం, కాగితం చూపించి కాదు అని దాని సారాంశం. ఆ రోజు ఆట 2-1తో మోహన్ బగాన్ గెలిచింది. కాని ఆ బానరు ఎదుటి జట్టును ఉద్దేశించి ఎత్తింది కాదు. ఎగతాళి వెనుక నిలబడినవాణ్ణి పోల్చుకొని నేరుగా వాడితోనే మాట్లాడింది. దెబ్బ తిన్నవాడి రాజకీయ పరిణతి అది.

వంశాన్ని బట్టి అభిమానాన్ని కొలిచేవాళ్ళు తమ జట్ల చరిత్రనే చదువుకోలేదని కూడా చెప్పాలి. 1949 తరవాత కొన్నేళ్ళపాటు ఈస్ట్ బెంగాల్‌ను ఎదురులేని జట్టుగా నిలబెట్టిన ఐదుగురు ఫార్వర్డులను పంచపాండవులనేవారు. సాలే, అప్పారావు, ధనరాజ్, వెంకటేశ్, అహ్మద్ ఖాన్ అనే ఆ ఐదుగురూ దక్షిణాదివాళ్ళు! ఇలిష్ ముల్లు తియ్యటం వాళ్ళలో ఎందరికి వచ్చో మనకు తెలియదు. ఆ తరవాత సికింద్రాబాదు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం అదే జట్టుకు ప్రాణమైనాడు. హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962లో జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన దేశపు జట్టులో ఈస్ట్ బెంగాల్ బలరాం, మోహన్ బగాన్ చూనీ గోస్వామి ఒకరికొకరు బంతి అందించుకున్నారు. హైదరాబాదువాడే అయిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పెలే వచ్చిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. మూడు గాలరీలూ అతన్ని పెద్దన్నగా చూసుకున్నాయి. జట్టు రక్తసంబంధం కాదు. అది ఎంచుకున్న సంబంధం. ఎంచుకున్నదానికి ఎగతాళి చెయ్యి, ఎంత కావాలంటే అంత. పుట్టుకకు ఎగతాళి చేస్తే నీ జట్టు చరిత్రనే నువ్వు కాదంటున్నావు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. గాలరీలలో ఇంతకంటే ఘోరమైన మాటలు ఎప్పుడూ వున్నాయి, సెల్‌ఫోను వచ్చి కొత్తగా చెడగొట్టిందేముంది అని. నిజమే, పాతకాలం స్వర్ణయుగం కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా కొట్లాట రేగి, తొక్కిసలాటలో పదహారుమంది అభిమానులు చచ్చిపోయారు. అప్పుడు ఎవరి చేతిలోనూ ఫోను లేదు. ఐనా ఒక భేదం వుంది. గాలరీలో అన్న మాట ఎదుటివాడి మొహం చూస్తూ అన్న మాట. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగితే నాలుక దానంతటదే ఆగే అవకాశం వుంది. ఆట అయ్యాక ఇద్దరూ ఒకే ట్రాములో ఇంటికి పోవాలి. ఫోనులో మొహం లేదు, ట్రామూ లేదు. పైగా అక్కడ మూడవవాడు ఒకడున్నాడు. ఈ కొట్లాట జరిగే వేదిక అతని సొత్తు. ఎంతసేపు కళ్ళు తెరకు అతుక్కుంటే అతనికి అంత ఆదాయం. చేప బొమ్మకూ ముళ్ళకంచె బొమ్మకూ అతనికి భేదం లేదు. ఏది ఎక్కువమందిని రెచ్చగొడితే దాన్ని ఎక్కువమందికి చూపిస్తాడు. పూర్వం ఎగతాళి అభిమానుల స్వంత ఆస్తి. ఇప్పుడది సరుకైంది. దాన్ని తయారుచేసేవాళ్ళు కూలి లేకుండా తయారుచేస్తున్నారు, లాభం మరొకడు తీసుకుంటున్నాడు.

ఐతే ఎగతాళి వల్ల శ్రామికులు, విద్యార్థులు చీలిపోతారు గనక ఈ వైరాలన్నీ మానిపించాలని కొందరు మిత్రులంటారు. వాళ్ళకు 2024 ఆగస్టు 18 సాయంత్రం జవాబు చెబుతుంది. ఆ నెల 9న కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిని మానభంగం చేసి చంపారు. నగరమంతా వీధిలోకి వచ్చింది. 18న జరగవలసిన డ్యూరాండ్ కప్పు పోటీని, బందోబస్తు ఇవ్వలేమనే కారణంతో రద్దు చేశారు. ఆట లేకపోయినా అభిమానులు సాల్ట్‌లేక్ స్టేడియం ముందుకు వచ్చారు. ఎర్రని పసుపుపచ్చ చొక్కాలు, మెరూన్ ఆకుపచ్చ చొక్కాలు, వాటి మధ్య మహమ్మడన్ నలుపు తెలుపు చొక్కాలు. ఒక జట్టువాడి భుజాల మీద మరొక జట్టువాడు ఎక్కి నినాదాలిచ్చాడు. వానలో తడిశారు, పోలీసు లాఠీలు తిన్నారు, కొందరు అరెస్టయ్యారు. లాఠీ చొక్కా రంగు చూడలేదు.

ఇన్నాళ్ళ వైరాన్ని మరిచిపోయి వాళ్ళు ఏకమయ్యారని చాలామంది రాశారు. నేనలా అనుకోను. ఆ వైరం వల్లనే అంత త్వరగా ఏకం కాగలిగారు. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఏ మాటకు ఎవరు బదులిస్తారో వాళ్ళకు నూరేళ్ళుగా తెలుసు. ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నవాళ్ళకు ఒకరి గొంతు ఒకరికి కొత్త కాదు. అపరిచితులను కూడగట్టటం కష్టం. కొట్లాడుకునే వియ్యంకులను కూడగట్టటం అంత కష్టం కాదు. అలాగని ఒక సాయంత్రంతో అన్నీ కడుక్కుపోయాయని అనుకోవటమూ పొరపాటే. కాగితాలడిగే హాస్యం మర్నాడు మళ్ళీ ఎవరి ఫోనులోనో వెలిగే వుంటుంది. 

అందుకే అభ్యుదయవాదులు చెయ్యవలసిన పని నవ్వు మాన్పించటం కాదు. నవ్వేవాణ్ణి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోమనటం. నీ వెనుక ఎవరూ లేకపోతే చేప ఎత్తి చూపించు, గొంతు పోయేదాకా అరువు. రేపు నీ వంతు వస్తుంది, వాడూ అరుస్తాడు. నీ వెనుక లాఠీ వుందా, ముళ్ళకంచె వుందా, వాడి పేరు కొట్టేసే కాగితం వుందా, అయితే నువ్వు నవ్వుతున్నావనుకుంటున్నావు గాని, నీ నోటితో మరొకడు నవ్వుతున్నాడు. ఆ లాఠీ ఏ చొక్కా తొడుక్కున్నవాణ్ణీ వదలదని ఆగస్టు 18న స్టేడియం ముందు ఇద్దరూ చూశారు.