పడవలోనికి వెంట వచ్చిన పని



బైబులులో మొట్టమొదటి సెలవు దరఖాస్తు ఎక్కడ ఉన్నదో ఎప్పుడైనా గమనించారా? నిర్గమకాండము ఐదవ అధ్యాయంలో ఉన్నది. మోషే, అహరోనులు ఫరో ఎదుట నిలబడి, మూడు రోజుల ప్రయాణమంత దూరం ఎడారిలోనికి వెళ్ళి మా దేవుణ్ణి ఆరాధించుకోవాలి, మా ప్రజలకు అనుమతి ఇప్పించండి అని అడిగారు. ఫరో ఏమన్నాడు? మీరు సోమరులు, పని తక్కువై ఇటువంటి ఆలోచనలు పుడుతున్నవి అన్నాడు. ఆ రోజు నుండి ఇటుకలకు కావలసిన గడ్డి ఇవ్వడం మానివేశాడు. గడ్డి వాళ్ళే ఏరుకొని తెచ్చుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గరాదు. సెలవు కాదనడంతో ఊరుకోలేదు. సెలవు అనే తలంపే మళ్ళీ రాకుండా చేయాలనుకున్నాడు.

ఈనాటి ఫరో అంత మొరటువాడు కాదు. సెలవు కావాలంటే చిరునవ్వుతో ఇస్తాడు. "తప్పకుండా వెళ్ళిరండి, ల్యాప్‌టాప్ మాత్రం వెంట పెట్టుకోండి" అంటాడు.

మన ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. సాగర్ రోడ్డు పొడవునా, శేరిగూడ, మంగల్‌పల్లి చుట్టుపక్కలా ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల నుండి ఏటా ఎంతమంది పిల్లలు పట్టాలు పుచ్చుకొని బయటికి వస్తున్నారో మీకు తెలుసు. మన మండలంలోని ఆదిభట్లలోనే టీసీఎస్ వారి పెద్ద ప్రాంగణం ఉన్నది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆఫీసులు మూతపడినప్పుడు ఈ పిల్లలందరూ ఇళ్ళకు వచ్చి పనిచేశారు. అందులో దేవుని మేలు కూడా ఉన్నది, కాదనకూడదు. ఎన్నో ఏళ్ళ తరువాత తల్లిదండ్రులతో కలిసి పగటిపూట అన్నం తిన్నారు. ముసలి తాతకు మందులు ఇచ్చారు. అయితే అప్పుడు ఇంటిలోనికి వచ్చిన ఆఫీసు మళ్ళీ పూర్తిగా బయటికి పోలేదు. మొదట ముందుగదిలో కూర్చున్నది, తరువాత పడకగదిలోనికి వచ్చినది, ఇప్పుడు మనతోపాటు విహారయాత్రకు కూడా బయలుదేరుతున్నది.

విహారయాత్ర అంటే ఒకప్పుడు మనకు వేళాంగణి, లేదా గుణదల మాత ఉత్సవం. పిల్లలు మరీ పట్టుబడితే నాగార్జునసాగర్‌లో లాంచీ. ఇప్పుడు కాలం మారింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై మీదుగా తిరిగే విహారనౌక వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇటువంటి నౌకల కోసం అంతర్జాతీయ టెర్మినల్‌ను ప్రారంభించారు. సముద్రం ముఖం చూడకుండా పెరిగిన మన తెలంగాణ కుటుంబాలు కూడా డబ్బు కూడబెట్టుకొని అటువంటి ప్రయాణాలకు వెళుతున్నవి. ఇది విలాసం, పాపం అని చెప్పే గురువును కాను నేను. కష్టపడిన కుటుంబం కలిసి సముద్రం మీద సూర్యోదయం చూస్తే సృష్టికర్తకు అది ఒక స్తుతియే.

అటువంటి ఒక ప్రయాణం సంగతి ఒక తల్లి నాతో చెప్పింది. పేర్లు మనకు అవసరం లేదు. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను. తల్లిదండ్రుల నలభై ఏళ్ళ వివాహ వార్షికోత్సవానికి కొడుకు టిక్కెట్లు తీశాడు. మూడు రాత్రుల ప్రయాణం. మంచి మనసుతోనే తీశాడు, అందులో అనుమానం లేదు. కాని అదే వారంలో ఆఫీసులో ఏదో గడువు వచ్చి పడింది. "సెలవు రద్దు చేసుకోవద్దులే, నౌక మీద నుండే చూసుకో" అన్నారట పైవాళ్ళు. రేవు దాటిన కొంతసేపటికి ఫోను సిగ్నలు పోయింది. ఇంటర్నెట్‌కు వేరే డబ్బు కట్టాడు. అది ఒక నిమిషం వస్తుంది, ఐదు నిమిషాలు రాదు. పై అంతస్తులో బాగా వస్తుందని ఒకరు, మెట్ల దగ్గర బాగా వస్తుందని మరొకరు చెబితే, మూడు రోజులూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని నౌకంతా తిరిగాడు. భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీ ఖాళీగానే ఉన్నది. తల్లి నాతో అన్న మాట ఇది: "సముద్రమైతే మంచిగ చూసిన ఫాదర్, కొడుకునే చూడలే."

ఆ అబ్బాయి మీద ఆమెకు కోపం లేదు. "వాడు మాత్రం ఏం జేస్తడు? ఇంటి లోను ఉన్నది గద" అన్నది.

సముద్రం మీద ఇంటర్నెట్ ఎందుకు అలా సతాయిస్తుందో తెలుసుకుంటే మంచిది. ఒడ్డున ఉన్న సెల్ టవర్లు నడిసముద్రం దాకా అందవు. అక్కడ ఉపగ్రహమే దిక్కు. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మనం ఇక్కడ 'హలో' అంటే ఆ మాట అంత దూరం ఎక్కి దిగి, అవతలివారి జవాబు మళ్ళీ అంత దూరం ఎక్కి దిగి రావాలి. కాంతివేగంతో వెళ్ళినా దాదాపు అర సెకను పడుతుంది. కొత్తగా వచ్చిన కొన్ని ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతున్నాయి కనుక ఆలస్యం చాలా తగ్గింది. రేపో మాపో ప్రతి నౌక మీదా ఇంటర్నెట్ మన ఇంట్లో కంటే బాగా రావచ్చు. అందుకనే చెబుతున్నాను, ఇది సిగ్నలు సమస్య కాదు. సిగ్నలు బాగుపడితే ఆ కుర్చీ ఇంకా ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది.

అదే నౌక మీద మరొక వర్గం కూడా ఉన్నది. వంట చేసేవారు, పక్కలు సర్దేవారు, ఇంజను గదిలోనివారు. 2006 సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం (మన దేశం దానిని 2015లో ఆమోదించింది) నౌకా కార్మికునికి 24 గంటలలో కనీసం 10 గంటలు, ఏడు రోజులలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అర్ధరాత్రి మెట్ల మీద కూర్చుని పనిచేసుకుంటున్న ప్రయాణికునికి కాఫీ తెచ్చి ఇచ్చిన కుర్రవాడి విశ్రాంతికి చట్టం ఉన్నది. వేలు ఖర్చుపెట్టి విశ్రాంతికని వచ్చిన ప్రయాణికునికి ఏ లెక్కా లేదు! అయితే ఆ కుర్రవాడి చట్టం కాగితం మీదనే నిలిచిపోకుండా చూడవలసింది కూడా మనమే. నౌకా కార్మికుల ఆత్మలను కాయడానికి శ్రీసభలో 1920లో గ్లాస్గో నగరంలో మొదలైన సేవ, స్టెల్లా మారిస్, 'సముద్రతార' అనే మరియమాత బిరుదుతో, నేటికీ రేవులలో పనిచేస్తున్నది.

ఇప్పుడు సువార్తకు వద్దాము. పడవ మీద విశ్రాంతికి బయలుదేరగా పని వెంటపడిన ఉదంతం సువార్తలో అక్షరాలా ఉన్నది. మార్కు ఆరవ అధ్యాయం. బి సంవత్సరంలో పదహారవ సామాన్య ఆదివారం దీనిని చదువుతాము. శిష్యులు వేదప్రచారం నుండి అలసి వచ్చారు. వచ్చేవారూ పోయేవారూ ఎక్కువై వారికి అన్నం తినడానికి కూడా తీరిక లేదు. ప్రభువే వారితో ఏకాంత స్థలానికి వెళ్ళి కొంచెం విశ్రమిద్దాము అన్నారు. గమనించండి, శిష్యులు సెలవు అడగలేదు, ప్రభువే ఇచ్చారు. పడవ ఎక్కారు. కాని గలిలీయ సరస్సు మహా అయితే 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు. పడవ ఎటు పోతున్నదో ఒడ్డున ఉన్నవారికి కనబడుతూనే ఉంటుంది. జనం కాలినడకన పరుగెత్తి వారికంటే ముందే చేరుకున్నారు. పడవ దిగేసరికి ఒడ్డున పని నిలబడి ఉన్నది.

ప్రభువు ఏమి చేశారు? వెనక్కు తిప్పండి అనలేదు. కాపరి లేని గొర్రెలవలె ఉన్నారని జాలిపడి బోధించారు, ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఆకలి తీర్చారు. "చూశారా ఫాదర్, ప్రభువే సెలవులో పనిచేశారు గదా" అని ఒక యువకుడు నన్ను పట్టుకున్నాడు. మంచి ప్రశ్న. జవాబు రెండు మాటలలో ఉన్నది. ఒకటి, ప్రభువును కదిలించినది జాలి. ఒడ్డున ఉన్నవారు ఆకలిగొన్న మనుషులు. నర్సుగా పనిచేసే మన విచారణ ఆడబిడ్డకు సెలవులో ఆసుపత్రి నుండి ఫోను వస్తే అది ఆ ఒడ్డు నుండి వచ్చిన పిలుపే, లేచి వెళ్ళవలసిందే. కాని సోమవారం చూసినా గడిచిపోయే లెక్కల పట్టికను ఆదివారం రాత్రి పంపకపోతే ఎవరూ ఆకలితో పడుకోరు. అక్కడ మనలను లేపుతున్నది జాలి కాదు, భయం. రెండవది, ఆ అధ్యాయాన్ని మధ్యలో ఆపకూడదు. భోజనాలు ముగిసిన వెంటనే ప్రభువు శిష్యులను పడవ ఎక్కించి పంపివేశారు, జనసమూహాన్ని కూడా పంపివేశారు, తాను ఒంటరిగా కొండ ఎక్కి ప్రార్థించారు. వాయిదా పడిన విశ్రాంతిని ఆ రాత్రే తిరిగి తీసుకున్నారు. మన పిల్లలు సెలవులో పనిచేసిన రోజులను ఎవరైనా తిరిగి తీసుకుంటున్నారా?

అదే సువార్త నాలుగవ అధ్యాయంలో తుఫాను రేగినప్పుడు ప్రభువు పడవ వెనుక భాగాన తలగడ మీద తల పెట్టుకొని నిద్రపోతున్నారు. 1986లో ఆ సరస్సులో నీరు తగ్గినప్పుడు మొదటి శతాబ్దపు పడవ ఒకటి బురదలో దొరికింది. పొడవు 8 మీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. దాగుకొనే మూల కూడా లేని అంత చిన్న పడవలో, పక్కవాడి మోచేయి తగులుతూ ఉండగా, నిద్రపోగలిగిన మనిషికి తండ్రి మీద ఎంత నమ్మకం ఉండి ఉండాలి! శిష్యులు లేపారు, ఆయన లేచారు. అది నిజమైన తుఫాను గనుక లేచారు. ప్రతి సందేశమూ మాత్రం తుఫానులాగానే మోగుతుంది. అదే ఈ ఫోనులతో వచ్చిన చిక్కు.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవానికి ఒక చిన్న అవకాశం ఇవ్వండి. గ్రీకువారు తీరికను 'స్కోలే' అన్నారు. మన నోట తిరిగే 'స్కూలు' ఆ మాట నుండి వచ్చినదే. పనికి వారికి ఉన్న మాట 'అస్కోలియా', అంటే తీరిక లేకపోవడం. తీరిక అసలు స్థితి, పని దాని లేమి. మన తెలుగులో ఇందుకు తలక్రిందులు. తీరిక అంటే పని తీరిన తరువాత వచ్చేది. ఈ రోజులలో పని ఎప్పుడు తీరుతుంది? తీరదు గనుక తీరికా రాదు. ఆదికాండం గ్రీకువారి కంటే ముందుకు వెళ్ళింది. మనిషిని దేవుడు ఆరవ దినాన చేశాడు, ఏడవ దినాన విశ్రమించాడు. అంటే మనిషి చూసిన మొదటి పూర్తి దినం విశ్రాంతి దినమే. ఇంకా ఒక్క పనీ చేయకముందే అతనికి విశ్రాంతి దొరికింది. కూలీగా సంపాదించుకున్నది కాదు, బిడ్డగా పుట్టినందుకు దొరికినది.

పునీత తోమాసు అక్వినాసు మాట ఒకటి మన కార్యదక్షులకు మింగుడు పడదు. సోమరితనం అనే మూలపాపం పది ఆజ్ఞలలో దేనికి విరుద్ధం అంటే, విశ్రాంతి దినాన్ని పరిశుద్ధపరచమన్న ఆజ్ఞకే విరుద్ధం అంటాడు ఆయన. దేవునిలో మనసు నిలిపి విశ్రమించలేకపోవడమే ఆయన దృష్టిలో సోమరితనం. అప్పుడు పగలూ రాత్రీ పనిచేసే మనిషి కూడా ఆ లెక్కలో సోమరి కావచ్చు. ఫరో ఆ మాటను ఎవరి మీద వేశాడో, అది ఎవరికి తగులుతున్నదో చూడండి.

అయితే నిందంతా పిల్లల మీద వేయడం నాకు న్యాయంగా తోచదు. నిర్గమకాండంలో ఫరోకూ ప్రజలకూ నడుమ యిస్రాయేలు వారే అయిన మేస్త్రీలు ఉన్నారు. ఇటుకల లెక్క తగ్గితే దెబ్బలు తిన్నది వారు. మన విచారణలలో టీము లీడర్లుగా, మేనేజర్లుగా ఉన్నవారు ఆ మేస్త్రీల స్థానంలో ఉన్నారు. పైనుండి ఒత్తిడి, కింద తనవంటి మనిషి. వారికి సత్యోపదేశం 2187వ పేరా గుర్తుచేస్తున్నాను: ప్రభువు దినాన్ని ఆచరించనీయకుండా ఇతరులపై అనవసరమైన భారం మోపరాదు అని అక్కడ స్పష్టంగా ఉన్నది. సెలవులో ఉన్న మీ కింది ఉద్యోగికి మీరు పంపే సందేశం ఆ పేరా కిందికే వస్తుంది. 13వ లియో జగద్గురువులు 1891లోనే కార్మికుని ఆదివారపు విశ్రాంతిని యజమానుల దయకు వదలివేయలేదు, అది హక్కు అన్నారు. ఫ్రాన్సులో 2017 నుండి పనివేళల తరువాత ఆఫీసు సందేశాల నుండి విడిగా ఉండే హక్కు చట్టంలో ఉన్నది. మన లోక్‌సభలో అటువంటి ప్రైవేటు బిల్లు 2018లో ఒకసారి, 2025లో మరొకసారి వచ్చింది, కాని చట్టం కాలేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "మా వాడికి క్షణం తీరిక ఉండదు" అని పెండ్లిళ్ళలో గొప్పగా చెప్పుకుంటాము. ఆ గొప్పను పిల్లలు విని నేర్చుకుంటారు.

చివరగా, కొందరు అడుగుతున్న ఒక సందేహం. ఆదివారం నడిసముద్రంలో ఉంటే దివ్యపూజాబలి సంగతి ఏమిటి, ఫోనులో చూస్తే సరిపోతుందా అని. నౌక మీద గురువు ఉండి పూజ జరిగితే తప్పక పాల్గొనండి. ముందు రోజు సాయంత్రం రేవులో వీలుంటే అక్కడైనా పాల్గొనవచ్చు. అసలే వీలులేనప్పుడు శ్రీసభ చట్టం 1248వ నియమం, కుటుంబమంతా కలిసి తగినంతసేపు ప్రార్థనలో గడపడాన్ని ఎంతగానో సిఫారసు చేస్తున్నది. బైబులు వెంట తీసుకువెళ్ళండి. ఆనాటి పఠనాలను కుటుంబంలో అందరికంటే చిన్నవారి చేత చదివించండి, జపమాల చెప్పుకోండి. పై అంతస్తులో గాలి ఎక్కువగా ఉంటుంది, పుటలు ఎగురుతాయి, ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఫోనులు గదిలోనే ఉంచి రండి.