నల్ల గొంగళ్లు

కొండ కింద ఒక ఊరు. ఊరి చుట్టూ ఇటుక గోడ. మేస్త్రీలు అరిగిన వరస తీసేసి నెలకో కొత్త వరస పేర్చేవారు. బురుజు మీద కావలివాళ్లుండేవారు, వాళ్ల చేతికందేలా ఒక నగారా ఉండేది.

ఒక చలికాలం రాత్రి నల్ల గొంగళ్లు కప్పుకుని దొంగలొచ్చారు. కావలివాళ్లు తరిమికొట్టారు. ఊరంతా మెచ్చుకుంది. కానీ నల్ల గొంగడి కనబడితే దొంగేనన్న గురి వాళ్ల మనసులో నాటుకుపోయింది.

తెల్లవారి మేస్త్రీలు పనిలోకొచ్చారు. చలికి వాళ్లూ నల్ల గొంగళ్లే కప్పుకున్నారు. కావలివాళ్లు వాళ్ల మీద పడి నగారా మోగించారు. గోడకు గండి పడిందనుకుని మేస్త్రీలు కంగారుగా పచ్చి ఇటుకలే పేర్చేశారు. నెల పట్టే వరస నాలుగు రోజుల్లో లేచింది. గోడ ఉబ్బి పెళ్లలుగా రాలింది. మేస్త్రీల కేకలకు ఇంకొందరు కావలివాళ్లొచ్చారు, నగారా ఇంకా హోరెత్తింది. పొరుగూళ్లవాళ్లు ఆ ఊరికేదో అంటురోగం పట్టిందనుకుని అటు రావడమే మానేశారు.

"కావలివాళ్లను తీసేద్దాం" అన్నారు కుర్రాళ్లు.

"రేపు అసలు దొంగలొస్తే ఎవరు ఆపుతార్రా?" అంది ఒక ముసలమ్మ. "ముందు ఆ నగారా ఆపండి."

నగారా ఆగింది. మేస్త్రీల చేతులు నిదానించాయి, గోడ నునుపు తేలింది. అయినా కావలివాళ్లు గొంగళ్లను మరిచిపోలేదు. అందుకే ఊరు నగారా మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచింది.

నీతి: కాపాడే బలం తనవాళ్లను పోల్చుకోలేకపోతే, ఆ బలాన్ని చంపకూడదు, దాని పొరపాటును ఆపాలి.

సోరియాసిస్‌లో జరిగేది ఇదే. కొందరికి స్ట్రెప్టోకోకస్ గొంతునొప్పి తర్వాత మచ్చలు మొదలవుతాయి. కొందరిలో ఎల్‌ఎల్-37 అనే సొంత ప్రోటీన్‌నే ఒంటి కావలివాళ్లయిన టీ కణాలు శత్రువనుకుంటాయి. ఐఎల్-23, ఐఎల్-17 అనే సంకేతాలు నగారాలా మోగుతాయి. నెలకు పైకి రావలసిన చర్మకణాలు మూడు నుంచి అయిదు రోజుల్లోనే వచ్చి పొలుసులవుతాయి. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్‌తో ఈ జబ్బు తగ్గడం 1979లో బయటపడింది. జబ్బు వేరు చర్మం పైపొరలోనే లేదని అది చూపింది. నేటి బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇలాంటి సంకేతాలనే ఆపుతాయి. జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు మింగి ఉన్నట్టుండి మానేస్తే మరింత విజృంభించవచ్చు. కీళ్లనొప్పులుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ మనిషి చేయి పట్టుకోండి, పక్కన కూర్చుని అన్నం తినండి. మన వెలి వాళ్లకు జబ్బును మించిన బాధ.