నాకేం పట్టింది?



ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి ముందు చెట్టునీడన కాసేపు నిలబడి మాట్లాడుకోవడం మన విచారణలన్నిటిలోనూ ఉన్న అలవాటే. ఆ మాటల్లో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది. "మీ అబ్బాయి ఏం చదువుతున్నాడండీ?" ఆ వెంటనే రెండోది. "మార్కులు ఎన్నొచ్చాయి?" "మీ అబ్బాయి ఎలాంటి మనిషి అవుతున్నాడండీ?" అని ఒకరు మరొకరిని అడగగా ఇన్నేళ్లలో నేను వినలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఎందుకు అడగము? చదువు వస్తే మంచితనం దాని వెంటే వస్తుందని మన నమ్మకం. ఎవరైనా మర్యాద తప్పి ప్రవర్తిస్తే "చదువుకున్నవాడేనా?" అంటాము. ఆ మాటలోనే మన నమ్మకం బయటపడుతుంది. అది ఎంతవరకు నిజమో ఈ వారం మీతో కలిసి ఆలోచించాలని ఉంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. సుమారు 2400 ఏళ్ల క్రితం గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'మెనో' అనే సంభాషణ రాశాడు. మెనో అనే యువకుడు అందులో సోక్రటీసును అడుగుతాడు: సద్గుణం బోధిస్తే వచ్చేదా, సాధన చేస్తే వచ్చేదా, లేక పుట్టుకతో వచ్చేదా? జవాబు వెదికే దారిలో సోక్రటీసు ఏథెన్సు వారందరూ ఎరిగిన ఒక తండ్రిని గుర్తు చేస్తాడు. పారసీకుల దండయాత్ర నుండి ఆ నగరాన్ని కాపాడిన థెమిస్టొక్లీసు తన కొడుకుకు గొప్ప గురువుల చేత గుర్రపుస్వారీ నేర్పించాడు. గుర్రం మీద నిటారుగా నిలబడి ఈటెలు విసరగలిగేంత నేర్పు ఆ కొడుకుకు అబ్బింది. కాని తండ్రిలోని మంచితనం, వివేకం కొడుకులో ఉన్నాయని ఊళ్లో పిన్నలు గాని పెద్దలు గాని ఎవరూ అనలేదట. ఏ తండ్రి అయినా కొడుకు మంచివాడు కావాలనే కోరుకుంటాడు. స్వారీ నేర్పే గురువు దొరికాడు గాని, మంచితనం నేర్పే గురువు దొరకలేదు.

మన ఇళ్లలో గుర్రాలు లేవు. కోచింగులు, ర్యాంకులు ఉన్నాయి. వాటికి గురువులు బాగానే దొరుకుతున్నారు.

చదువు ఒక్కటే చాలదనడానికి దీనికంటె భయంకరమైన సాక్ష్యం గత శతాబ్దంలోనే ఉంది. 1942 జనవరి 20న బెర్లిను నగర శివార్లలో వాన్‌సీ సరస్సు ఒడ్డున ఉన్న ఒక భవనంలో 15 మంది ఉన్నతాధికారులు సమావేశమయ్యారు. యూరపులోని యూదులందరినీ నిర్మూలించే పనిని ఏ శాఖ ఎలా నడపాలో మాట్లాడుకోవడమే ఆ సమావేశం పని. ఆ పదిహేను మందిలో సగానికి పైగా డాక్టరేటు పట్టాలున్నవారు. చదువులేని మూకలు కాదు. శతాబ్దాలుగా క్రైస్తవ దేవాలయాలున్న దేశంలో పెరిగినవారు. వారి చదువు వారిని ఆపలేదు సరికదా, ఆ ఘోరాన్ని పద్ధతి ప్రకారం నడపడానికి పనికొచ్చింది.

"అందుకే పిల్లలకు మంచి సమాజం కావాలి, మంచి సంఘం కావాలి" అని మీరు అనవచ్చు. నిజమే. కాని సంఘం కూడా దానంతటది మంచి నేర్పదు. మనలో కులం సంగతే తీసుకోండి. ఏ పిల్లవాడూ కులం తెలిసి పుట్టడు. ఎవరింట్లో మంచినీళ్లు తాగాలో, ఎవరి పెళ్లికి వెళ్లాలో, ఎవరి గురించి గొంతు తగ్గించి మాట్లాడాలో పెద్దలను చూసి నేర్చుకుంటాడు. ఎవరూ పాఠం చెప్పరు, అయినా పాఠం వచ్చేస్తుంది. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత గూర్చి ఒక విధాన పత్రాన్ని విడుదల చేసింది. కుల వివక్ష శ్రీసభ లోపల కూడా ఉన్నదని అందులో ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడం మంచిదే. జ్ఞానస్నానపు నీళ్లు ఒక్కటే అయినా, సంఘం చెడును కూడా అంతే సులువుగా నేర్పగలదన్నమాట.

అయితే ఎలాంటి చదువు, ఎలాంటి సంఘం మనిషిని మంచివాణ్ణి చేస్తాయి? నాకు తెలిసిన ఒక బడి కథ చెబుతాను.

ఇటలీలో ఫ్లోరెన్సు నగరానికి సమీపాన, ముజెల్లో ప్రాంతపు కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె ఉంది. 1954 డిసెంబరులో లొరెంజో మిలానీ అనే 31 ఏళ్ల గురువును ఆ విచారణకు పంపారు. ఆయన 1923లో ఫ్లోరెన్సులో ఒక సంపన్న కుటుంబంలో పుట్టారు. అంతకు ముందు పనిచేసిన చోట కార్మికుల కోసం రాత్రి బడి నడిపారు. ఆయన ముక్కుసూటి మాట చాలామందికి నచ్చేది కాదు. బార్బియానాకు అప్పట్లో సరైన రోడ్డు లేదు, కరెంటు లేదు. కొండమీద ఒకటక్కడ ఒకటిక్కడ ఉన్న ఇళ్లలో బీద రైతు కుటుంబాలు ఉండేవి. పిల్లలు చిన్న బడితో చదువు ఆపేవారు, లేదా పై బడికి వెళ్లి పరీక్ష తప్పి తిరిగివచ్చి గొర్రెలు కాసుకునేవారు.

ఫాదర్ మిలానీ గారు గుడి పక్క ఇంట్లోనే బడి పెట్టారు. సెలవులు లేవు. బల్లలు, సామానులు చాలావరకు పిల్లలే చేసుకున్నారు. రోజూ వార్తాపత్రిక గట్టిగా చదివి, తెలియని మాట దగ్గర ఆగి, అది తెలిసేదాకా మాట్లాడుకునేవారు. ఆ బడిలో ఒక కట్టడి ఉండేది. తరగతిలో అందరికంటె వెనకబడినవాడికి అర్థమయ్యేదాకా పాఠం ముందుకు సాగకూడదు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పాలి. పన్నెండేళ్లవాడు ఎనిమిదేళ్లవాడికి గురువు. గోడ మీద ఇంగ్లీషులో రెండే మాటలు రాసి ఉండేవి: "ఐ కేర్." మన భాషలో చెప్పాలంటే "నాకు పట్టింది" అని అర్థం. ముస్సోలినీ కాలపు ఫాసిస్టులు గర్వంగా చెప్పుకున్న నినాదం సరిగ్గా దీనికి ఎదురు. దాని అర్థం "నాకేం పట్టింది?"

ఆ బడిలోని ఎనిమిది మంది పిల్లలు కలిసి, ఒకరి మాటను ఒకరు దిద్దుకుంటూ, 'ఒక ఉపాధ్యాయినికి లేఖ' అనే పుస్తకం రాశారు. బీదల పిల్లలను పరీక్ష తప్పించి ఇంటికి పంపే బడి ఎవరి కోసం నడుస్తున్నదని అందులో నిలదీశారు. అది 1967 మే నెలలో వెలువడింది. మరుసటి నెల 26న ఫాదర్ మిలానీ గారు 44వ ఏట జబ్బుతో కన్నుమూశారు. యాభై ఏళ్ల తరువాత, 2017 జూన్ 20న, ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆ కొండెక్కి ఆయన సమాధి వద్ద ప్రార్థించారు.

ఆయన పద్ధతులన్నీ మనం అనుసరించాలని నేను అనడం లేదు. పిల్లలకు సెలవులు ఉండాలనే నా అభిప్రాయం. కాని అక్కడ ఏం జరిగిందో గమనించండి. పక్కవాడికి లెక్క అర్థం కాకపోతే అది తన లోటు అని ప్రతి పిల్లవాడూ రోజూ అనుభవించాడు. అరిస్టాటిల్ ఏనాడో చెప్పినది కూడా ఇదే. వీణ వాయించి వాయించి వైణికుడు అయినట్టే, న్యాయమైన పనులు చేసి చేసి మనిషి న్యాయవంతుడు అవుతాడు. పునీత తోమాసు అక్వినాసు వారు ఈ ఆలోచనను స్వీకరించి, బుద్ధికి సంబంధించిన సద్గుణాలు వేరు, నడతకు సంబంధించిన సద్గుణాలు వేరు అని వివరించారు. మంచి అంటే ఏమిటో తెలిసినంత మాత్రాన మంచి చేయడం రాదు. దానికి చేతికి పని, కంటికి ఆదర్శం, చుట్టూ చేసేవారు ఉండాలి. చదువు మంచిచెడ్డలను చూపిస్తుంది. చూసినదాన్ని చేసే అలవాటు నలుగురి మధ్యనే అబ్బుతుంది.

ఇది ఇతరులకు చెప్పే అర్హత నాకు అంతగా లేదు. నా సంగతి చెబుతాను.

మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా పక్కింటి మామ్మగారు చనిపోయారు. వాణ్ణి పసితనంలో ఎత్తుకు తిప్పిన మనిషి. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడికి అన్నం పెట్టిన మనిషి. పరీక్షలు ఇంకా పది రోజులున్నాయి. వాడు పుస్తకం మూసి లేవబోతే, "నువ్వు రానక్కరలేదు, మేము వెళ్తున్నాంగా, చదువుకో" అన్నాను. వాడు కూర్చున్నాడు. వీధిలో శవయాత్ర వెళ్తుంటే మా ఇంటి కిటికీ మూసి ఉంది. వాడికి మంచి మార్కులే వచ్చాయి.

మూడేళ్ల తరువాత మా అమ్మ చనిపోయింది. వాడు కాలేజీ నుండి రాత్రి రైలుకు వచ్చాడు. సమాధి కార్యక్రమం అయిన సాయంత్రమే నా దగ్గరకు వచ్చి, "నాన్నా, ఎల్లుండి పరీక్ష ఉంది, నేను బయలుదేరనా?" అన్నాడు. వాడి గొంతులో కఠినత్వం ఏమీ లేదు. అనుమతి అడుగుతున్నాడు, అంతే. నానమ్మ అంటే వాడికి ప్రేమే. నేను వాడికి ఏమి చెప్పగలను? నేను నేర్పిన పాఠాన్నే వాడు అప్పజెప్పాడు. "వెళ్లిరా నాన్నా" అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీలో కొందరు అడుగుతారు: "మీరు చెప్పేది బాగానే ఉందండీ. కాని పోటీ ఇంత ఉన్న రోజుల్లో మా పిల్లలు మంచివారైతే చాలా? బ్రతకాలి కదా?" ఇది తేలికగా కొట్టివేసే ప్రశ్న కాదు. ఒక తరం వెనక కూలి చేసిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. చదువే వారిని నిలబెట్టింది. ఫాదర్ మిలానీ గారు కూడా బీదలకు చదువు తక్కువైనా ఫరవాలేదు అనలేదు. భాష రానివాడు న్యాయం అడగలేడని, వారికి ఎక్కువ చదువు చెప్పారు. కాబట్టి చదువు తగ్గించమని కాదు నా మాట. ఆ చదువు ఎవరి కోసమో పిల్లలకు తెలియాలంటున్నాను.

పరీక్షలున్న విద్యార్థికి తీరిక ఉండదని కూడా అనలేము. 1833లో పారిసులో న్యాయశాస్త్రం చదువుతున్న ఫ్రెడరిక్ ఓజనాం అనే యువకుడు తన స్నేహితులతో కలిసి బీదల ఇళ్లకు వెళ్లడం ప్రారంభించాడు. అప్పుడాయన వయస్సు 20 ఏళ్లు. మన విచారణల్లో ఈనాటికీ పనిచేస్తున్న విన్సెంట్ డి పాల్ సభ అలా పుట్టింది. దానివల్ల ఆయన చదువు చెడలేదు. తరువాత సొర్బాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1997లో ఆయనను ధన్యుడిగా ప్రకటించారు.

ఇక మనం చేయగలిగింది ఏమిటి? రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్య గూర్చి వెలువరించిన ప్రకటనలో, తల్లిదండ్రులే పిల్లలకు మొదటి గురువులని స్పష్టం చేసింది. అందుచేత ఇంటి నుండే మొదలుపెడదాం. పక్కింట్లో మరణం సంభవిస్తే పిల్లలను వెంట తీసుకువెళ్లండి, ఒక గంట పోయినా ఫరవాలేదు. పనిమనిషిని, ఆటో అబ్బాయిని మీరు ఎలా పిలుస్తారో పిల్లలు వింటున్నారని మరువకండి. మీరు తప్పు చేస్తే వారి ముందే ఒప్పుకోండి. మా అబ్బాయితో ఆ పాత సంగతి మాట్లాడటానికి నాకు చాలా కాలం పట్టింది. మాట్లాడిన తరువాత మా ఇద్దరికీ కొంత తేలికైంది.

విచారణలో సత్యోపదేశ తరగతులను కంఠస్థం చేయించడంతో సరిపెట్టవద్దు. పదో తరగతి పిల్లలు చిన్నవారికి చెప్పే అవకాశం ఇవ్వండి. విన్సెంట్ డి పాల్ సభ వారు మంచం పట్టిన ముసలివారిని చూడబోతే ఇద్దరు పిల్లలను తోడు పంపండి. గుడిలో, భోజనాల పంక్తిలో, సమాధుల తోటలో ఎవరు ఎక్కడ అనే తేడా కనిపిస్తే, అది పిల్లలు చూస్తున్న పాఠమని గుర్తించి పెద్దలే దాన్ని చెరిపివేయాలి.

ఇవన్నీ చేసినా పిల్లలు తప్పక మంచివారవుతారని హామీ లేదు. పన్నెండు మంది శిష్యులు ఒకే గురువు వద్ద, ఒకే సంఘంలో పెరిగారు. సాక్షాత్తు క్రీస్తు ప్రభువే వారికి గురువు. అయినా యూదా తన దారి తాను చూసుకున్నాడు. మనిషికి దేవుడిచ్చిన స్వేచ్ఛను ఏ బడీ, ఏ సంఘమూ తీసివేయలేవు. బిడ్డ దారి తప్పిన తల్లిదండ్రులను వేలెత్తి చూపే హక్కు కూడా అందుకే మనకు లేదు. మంచి దారిని చూపి, ఆ దారిలో కొన్ని అడుగులు తోడు నడవడమే మన వంతు. మిగతాది ఆ బిడ్డ నిర్ణయం, దేవుని వరప్రసాదం.

వచ్చే ఆదివారం పూజ తరువాత చెట్టు కింద నిలబడినప్పుడు మార్కులు అడగండి, తప్పులేదు. అడిగాక ఇంకొక మాట కూడా అడగండి: "ఈ వారం మీ అబ్బాయి ఎవరికైనా తోడున్నాడా?" ఆ ప్రశ్న వింటే వారు కొంచెం తడబడవచ్చు. మనల్ని ఎవరైనా అదే అడిగితే మనమూ తడబడతాము. ఫరవాలేదు. "నాకేం పట్టింది?" అనే ఇంట్లో "నాకు పట్టింది" అనే మాట మొదట తడబడుతూనే వస్తుంది.