ఎవరి ఇంటి కోసం ఈ చదువు?

హైదరాబాద్ బోరబండలో అరవై గజాల జాగాలో ఇల్లు లేస్తుంటే అక్కడ మేస్త్రీ ఉంటాడు, సెంట్రింగ్ పనివాళ్లు ఉంటారు, ముగ్గు పోయకముందే వచ్చి వాస్తు చూసి వెళ్లిన సిద్ధాంతి మాట ఉంటుంది. ఆర్కిటెక్ట్ మాత్రం ఉండడు. చట్టమూ అతణ్ణి రమ్మనదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించింది కాబట్టి అది మంచి నిబంధనే. కానీ ఆ ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి. మూడు పక్కలా పొరుగింటి గోడలే. మధ్య గదిలో పట్టపగలు రెండింటికి కూడా ట్యూబ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. ముందుగదికి షట్టర్ బిగించి కిరాణా కొట్టుకు అద్దెకిచ్చారు, కాబట్టి గాలి వచ్చే ఒక్క దారీ మూసుకుపోయింది. నిటారు మెట్లు వీధిలోకి జరిగాయి, సంపు మూత గడప ముందుకు వచ్చింది, రేపెప్పుడో వేసుకోబోయే అంతస్తు కోసం పిల్లర్ల మీద రాడ్లు తుప్పు పడుతున్నాయి. ఇలాంటి ఇంట్లో పెరిగి, ఇంటర్‌లో ఎంపీసీ చదువుతున్న అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతానంటే పెద్దలు అడిగే మొదటి మాట ఒక్కటే: అది నీకు సరిపోతుందా? మామూలు జాగ్రత్తతో అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. దాన్ని సగమే అడుగుతున్నామని నా వాదన.

మన దగ్గర ఈ ప్రశ్నకు పాత పేరు స్వధర్మం. లోపాలున్నా తన ధర్మమే మేలని గీత మూడో అధ్యాయంలో ఒకసారి, పద్దెనిమిదో అధ్యాయంలో మరోసారి చెబుతుంది. ఈ కాలపు తల్లిదండ్రులు, కౌన్సెలర్లు ఆ మాటను స్వభావమని చదువుకుంటున్నారు. పిల్లలో ఏముందో కనిపెట్టు, బొమ్మలు వేస్తుందా, లెక్కలు వస్తాయా, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాలో మార్కులు తెచ్చుకోగలదా, దాన్నిబట్టి తేల్చెయ్ అంటున్నారు. పదిహేడేళ్ల మనిషి లోపల అప్పటికే తయారై కూర్చున్న వృత్తి ఒకటి ఉంటుందని, తవ్వి తీయడమే తరువాయని ఇలా చదవడంలోని నమ్మకం. కానీ మూడో అధ్యాయంలో స్వధర్మం మాట కంటే ముందే లోకసంగ్రహం మాట వస్తుంది. లోకం నిలబడడానికి ఏం కావాలో చూసి పని చెయ్యమన్న తర్వాతే నీ ధర్మం నువ్వు చెయ్యమనడం. ఆ వరుసను పట్టించుకోవాలనే నేను అంటాను. నాలో ఏముందన్న ప్రశ్నకు ముందు ఎవరికి ఏం లేదన్న ప్రశ్న ఉంది. ఎవరికి ఏం లేదన్నది వదిలి, నాలో ఏముందన్నదానికే జవాబు వెతికితే దొరికేది అభిరుచి మాత్రమే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం అన్యాయం. స్వధర్మమనే మాటను ఈ దేశంలో శతాబ్దాలుగా పుట్టుకతో వచ్చిన పనిగానే అమలు చేశారు. శాస్త్రం తెలిసిన స్థపతి ఒక ఇంట, రాయి మోసేవాడు మరో ఇంట పుట్టాలన్నారు. కులం చేసేది పనుల విభజన ఒక్కటే కాదని, పనివాళ్లనే విడదీస్తుందని అంబేద్కర్ 1936లో తేల్చి చెప్పాడు. భవన నిర్మాణంలో ఆ విభజన ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పాలమూరు నుంచి వలస వచ్చిన చేతులు సిమెంటు కలుపుతాయి, గీత గీసే చెయ్యి వేరే ఎక్కడి నుంచో వస్తుంది. ఎంఎంటీఎస్ రైల్లో బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఆ వైపు లేచిన అద్దాల మేడలకు కూలి ఈ వైపు బస్తీల నుంచి వెళ్లింది గానీ, నక్షా ఈ వైపు నుంచి వెళ్లిన దాఖలా అరుదు. కాబట్టి స్వధర్మాన్ని పుట్టుకకు కట్టేసే అర్థాన్ని పూర్తిగా వదిలేయాలి. లోకసంగ్రహంతో కలిపి చదివినప్పుడే ఆ మాటకు ఈనాడు విలువ. అలా చదివితే మేస్త్రీ కూతురు ఆర్కిటెక్ట్ కావడం స్వధర్మాన్ని దాటడం కాదు, అందుకోవడం.

ప్రతిభ ఒక్కటే కొలబద్ద అయితే మన కథల్లో మయుణ్ణి మించినవాడు లేడు. ఖాండవ దహనంలో అర్జునుడి దయవల్ల బతికి, ఆ కృతజ్ఞతతో, లోకంలో ఎవరూ అనుకరించలేని సభ కావాలన్న కృష్ణుడి కోరిక ప్రకారం పద్నాలుగు నెలల్లో ధర్మరాజుకు మయసభ కట్టి ఇచ్చాడు. నైపుణ్యానికి వంక పెట్టలేం. కానీ ఆ సభలోకి వచ్చిన అతిథికి నీళ్లేవో నేలేదో తెలియలేదు. పడ్డాడు, నవ్వులపాలయ్యాడు, ఆ అవమానం జూదానికీ యుద్ధానికీ దారి తీసింది. లోపల నడిచే మనిషి సంగతి ఆలోచించని కట్టడం ఎంత గొప్పదైనా దాని ఫలితం ఎవరో అనుభవిస్తారని నేను ఆ కథను చదువుకుంటాను.

మయుడికి ఎదురుగా లారీ బేకర్‌ను నిలబెట్టవచ్చు. 1917లో ఇంగ్లండులో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో ఆర్కిటెక్చర్ చదివిన క్వేకర్ మతస్థుడు. యుద్ధకాలంలో చైనాలో వైద్య సేవ చేసి తిరిగి వెళ్తూ బొంబాయిలో ఓడ కోసం ఆగినప్పుడు గాంధీని కలిశాడు. 1945లో మళ్లీ మన దేశానికి వచ్చింది పేరున్న భవనాలు కట్టడానికి కాదు, కుష్ఠురోగుల ఆశ్రమాలను ఆసుపత్రులుగా మార్చే పని మీద. ఆ తర్వాత డాక్టరైన భార్య ఎలిజబెత్‌తో కలిసి హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాడు. తాను చదివిన చదువు అక్కడి రాయికీ మట్టికీ పనికిరాలేదు, అక్కడివాళ్లు కట్టుకునే తీరు చూసి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. కేరళలో స్థిరపడ్డాక ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో బోలు వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ గోడలతో దాదాపు పావు వంతు ఇటుక ఆదా చేశాడు, స్లాబులో కాంక్రీటు అవసరం లేనిచోట పెంకులు పెట్టాడు, మేస్త్రీల పక్కన నిలబడి అక్కడికక్కడ కాగితం ముక్క మీద గీసి కట్టించాడు. గమనించండి: బేకర్‌కు డిగ్రీ ముందే ఉంది. వృత్తి మాత్రం తర్వాత, కుష్ఠురోగుల మధ్య, కొండ ఊళ్లో దొరికింది. లోపల ఉన్నదాన్ని తవ్వి తీసుకున్న మనిషి కాదతను. ఎదుటివాడి అవసరం దగ్గర ఆగిపోయి, అక్కడ తయారైనవాడు.

మరి బోరబండవాళ్లు ఆర్కిటెక్ట్‌కు ఫీజు ఇవ్వరు కదా, ఆ అమ్మాయి బతికేదెలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బీఆర్క్ అయిదేళ్ల చదువు, బీటెక్ కంటే ఒక ఏడాది ఎక్కువ. మొదటి జీతం మామూలుగా సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతం కంటే తక్కువ. అప్పు తీర్చే బాధ్యత, తమ్ముణ్ణి చదివించే బాధ్యత కూడా ధర్మమే. దాన్ని చిన్నచూపు చూసే ఆదర్శం నాకు నచ్చదు. ఇల్లు అయిదేళ్లు ఆగలేకపోతే, పది పాసయ్యాక పాలీసెట్ రాసి ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేసి, సంపాదించుకుంటూ, లెక్కలు చదివిన డిప్లొమాతోనే తర్వాత బీఆర్క్‌కు వెళ్లే దారి ఉంది. ఫీజు సంగతికి వస్తే, పేదల ఇంటికి ఆర్కిటెక్ట్‌తో పనిలేదన్నది నిజం కాదు. ప్రభుత్వమే పెద్ద యజమాని. నగర శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒక్కచోట కట్టారు, ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. అలాంటి కాలనీలో ఒక కిటికీ ఎటు ఉండాలో కాగితం మీద ఒకసారి నిర్ణయిస్తే, వేల కుటుంబాలు అలాగే గాలి పీల్చుకుంటాయి. ఇండోర్‌లో అరణ్య కాలనీకి బాలకృష్ణ దోశీ ఇంకో దారి పట్టాడు. పేద కుటుంబానికి పూర్తి ఇల్లు కాకుండా స్థలం, నీళ్లు, మరుగుదొడ్డి, వంటకు కాస్త చోటు ఇచ్చి, మిగతాది వాళ్ల చేతికి డబ్బు వచ్చేకొద్దీ పెంచుకునేలా అమర్చాడు. బోరబండ మేడ మీద నిలిచిన రాడ్లలో ఉన్న కోరిక కూడా అదే. దానికి నక్షా గీయగలిగిన మనిషి ఇక్కడ లేకపోవడమే లోటు.

ఇంకొకరు అంటారు: అవసరం చూడగానే సరిపోదు, చెయ్యి కూడా పలకాలి కదా అని. పలకాలి. లెక్క తప్పిన స్లాబు సద్భావంతో నిలబడదు. నాటా పరీక్ష ఉండడం, ఆర్కిటెక్ట్స్ చట్టం 1972 ప్రకారం కౌన్సిల్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోవాలనడం సబబే. కానీ చెయ్యి సాధనతో వస్తుంది; మాసబ్ ట్యాంక్‌లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయినా మరో కాలేజీ అయినా అయిదేళ్లు పెట్టింది అందుకే. పరాయి మనిషి ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవాలన్న తహతహ మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ సబ్జెక్టుగా ఉండదు. అది ఉన్న పిల్లకు గీత మామూలుగా ఉన్నా నేను వెళ్లమంటాను. బొమ్మలు అద్భుతంగా వేసి, ఆ బొమ్మలో మనిషి ఎక్కడ కూర్చుంటాడో పట్టించుకోని పిల్లకు చిత్రకళ చదువుకోమంటాను. అదీ గౌరవమైన చదువే.

అందుకే తల్లిదండ్రులకు ఒక విన్నపం. కోచింగ్ సెంటర్‌లో చేర్పించకముందు మీ అమ్మాయి చేతికి ఒక టేపు, కొన్ని కాగితాలు ఇవ్వండి. మీ ఇల్లూ, ఒప్పుకుంటే పొరుగింటి మధ్య గదీ కొలిచి గీయమనండి. గీత వంకరైతే బాధపడకండి. వారం పోయాక ఆ గదిలో ఉండే ముసలావిడ పగలంతా ఎక్కడ కూర్చుంటుందో, రాత్రి లేచి ఎటు నడుస్తుందో తనంతట తనే అడిగి వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే ఫీజు గురించి బ్యాంకువాళ్లతో మాట్లాడండి.